ఆధార్ అడిగినచోటల్లా ఎంత ఇవ్వాలి? పని ఆగకుండా వివరాలు కాపాడుకునే పద్ధతి

కుల ధ్రువపత్రం, రేషన్, పింఛను, పాస్‌పోర్టు, పన్ను రిటర్ను, భూమి రిజిస్ట్రేషన్... ఏ పని మొదలుపెట్టినా ఆధార్ నంబరో, ఓటీపీయో, వేలిముద్రో అడుగుతారు. ఇవన్నీ మానేసి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగమని ఎవరికీ చెప్పలేం. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో పని పూర్తవడం చిన్న సౌకర్యమేమీ కాదు. కానీ అడిగిందల్లా అడిగినచోటల్లా ఇచ్చేయాల్సిన అవసరం లేదు. పన్నెండు అంకెలు అడిగినచోట చాలాసార్లు చివరి నాలుగు సరిపోతాయి. వేలిముద్ర రోజంతా తెరిచి ఉంచక్కర్లేదు. ఇందుకు కావాల్సిన తాళాలన్నీ ప్రభుత్వ పోర్టళ్లలోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ఒక గంట కూర్చుని అమర్చుకుంటే తర్వాత రోజూ పడే ఇబ్బంది చాలా తక్కువ.

మొదట చూడాల్సింది ఫోన్ నంబరు

ఆధార్ కార్డు కంటే ఆధార్‌కు జోడించిన మొబైల్ నంబరు ముఖ్యం. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ మైఆధార్, ప్రభుత్వ పత్రాలు ఫోన్‌లో ఉంచుకునే డిజిలాకర్, ఆదాయపు పన్ను పోర్టల్... ఎక్కడైనా ఆధార్ ఓటీపీ దానికే వస్తుంది. మైఆధార్ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే మొబైల్ నంబరు సరిచూసుకునే పేజీ ఉంది. ఆధార్ నంబరు, మీరు అనుకుంటున్న మొబైల్ నంబరు ఇస్తే ఆ రెండూ జోడై ఉన్నాయో లేదో చెబుతుంది.

ఇక్కడ రెండు రకాల చిక్కులు కనిపిస్తాయి. ఒకటి, ఎప్పుడో వదిలేసిన పాత నంబరు ఇంకా ఆధార్‌లో ఉండటం. రద్దయిన నంబరును టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత మరొకరికి ఇచ్చుకోవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళతాయి. రెండోది ఇంకా చెడ్డది: దరఖాస్తు పెట్టిన రోజు మీ దగ్గర ఫోన్ లేదని నెట్ సెంటర్ నిర్వాహకుడో, ఏజెంటో తన నంబరు ఇచ్చేసి ఉండటం. ఈ రెండింటిలో ఏదున్నా మిగతా పనులన్నీ ఆపి, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోండి. రుసుము 75 రూపాయలు, ఏ పత్రాలూ అక్కర్లేదు, మీరు స్వయంగా వెళితే చాలు.

నంబరు సరైనదే అయితే ఫోన్‌లో మరికొన్ని చూసుకోవాలి. తాళం వేసిన స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనిపించకుండా సెట్టింగ్స్‌లో ఆపేయండి. లేకపోతే ఫోన్ బల్ల మీద ఉన్నా పక్కవాళ్లు ఓటీపీ చదివేస్తారు. సిమ్‌కు పిన్ పెట్టుకోండి. ఫోన్ పోయినా సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుని ఓటీపీ రప్పించుకోలేరు. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే కోడ్ అడుగుతుంది, అది కంపెనీ దగ్గరే దొరుకుతుంది కాబట్టి పిన్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. మీ కాల్స్ ఇంకెక్కడికైనా మళ్లుతున్నాయేమో *#21# డయల్ చేసి చూడండి, మళ్లుతుంటే ##002# తో అన్నీ రద్దవుతాయి. చివరగా, టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూసి, మీవి కానివాటిని అక్కడే ఫిర్యాదు చేయండి.

వేలిముద్రకు తాళం

పాస్‌వర్డ్ పోతే కొత్తది పెట్టుకుంటాం. వేలిముద్ర పోతే మార్చుకోవడానికి ఇంకో వేలిముద్ర ఉండదు. 2018లో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనిపించే భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన ఒక సిమ్ పంపిణీదారు గుట్టు బయటపడింది. ఆధార్‌తో నగదు తీసుకునే ఏఈపీఎస్ విధానంలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. మీరు ఏ తప్పూ చేయకుండానే డబ్బు పోయే దారి ఇది, అందుకే దీన్ని ముందే మూయాలి.

మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి, బయోమెట్రిక్ లాక్ అనే చోట అంగీకారం టిక్ చేసి ముందుకు వెళితే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ మూతపడతాయి. ఆధార్ సంస్థ మొబైల్ యాప్‌లోనూ ఇదే పని చేయొచ్చు. తాళం పడ్డాక ఎవరైనా మీ వేలిముద్ర పెడితే యంత్రం 330 అనే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. అంటే యంత్రం చెడిపోలేదు, మీ తాళం పనిచేస్తోంది.

అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలు మాత్రమే తెరుచుకుని, తర్వాత దానంతటదే మూసుకుంటుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. రేషన్ షాపుకో బ్యాంకుకో బయల్దేరే ముందు ఇంట్లోనే తెరుస్తారు, వరుసలో నిలబడేసరికి గడువు అయిపోతుంది. మీ ముందు ఒకరిద్దరు ఉండగా తెరవండి. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదని తెలిస్తే కాస్త దూరం నుంచే తెరిచి వెంటనే వెళ్లండి. పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ (బతికి ఉన్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రం) కోసం ముఖ ధ్రువీకరణ చేసేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. తాళం ఉంటే ముఖం కూడా పట్టదు.

మరి ప్రతి నెలా వేలిముద్రతో రేషన్, పింఛను తీసుకుంటూ స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ల సంగతి? వాళ్లకు తాళం వేసి వదిలేస్తే పింఛను రోజు అవస్థ పడతారు. అలాంటిచోట తాళం వద్దు. దానికి బదులు, ప్రభుత్వ డబ్బు పడే ఖాతాను వేరుగా ఉంచి అందులో పెద్ద మొత్తం నిల్వ లేకుండా చూడండి. మిగతా పొదుపు ఇంకో బ్యాంకులో ఉంచండి. నగదు బదిలీ కోసం ఆధార్‌కు ఒక్క బ్యాంకే జోడై ఉంటుంది, అది ఏదో మైఆధార్‌లోని బ్యాంక్ సీడింగ్ పేజీ చూపిస్తుంది. మీకు తెలియని బ్యాంకు పేరు అక్కడ కనబడితే వెంటనే మీ బ్యాంకు శాఖకు వెళ్లి మార్పించాలి. ఏఈపీఎస్ లావాదేవీలు ఆపమని బ్యాంకులో లిఖితపూర్వకంగా అడగొచ్చు కూడా.

పన్నెండు అంకెలకు బదులు పదహారు

వర్చువల్ ఐడీ అంటే ఆధార్‌కు బదులు ఇచ్చే 16 అంకెల తాత్కాలిక సంఖ్య. 2018 నుంచి ఉంది. దాన్నిబట్టి ఎవరూ అసలు ఆధార్ నంబరు కనిపెట్టలేరు, మీరు కొత్తది పుట్టించగానే పాతది చెల్లదు. మైఆధార్‌లో తీసుకోవచ్చు. నెట్ లేకపోతే రిజిస్టర్ అయిన నంబరు నుంచి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు మెసేజ్ పంపండి: జి, వి, ఐ, డి అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ఖాళీ, ఆధార్ చివరి నాలుగు అంకెలు. మర్చిపోతే మొదటి అక్షరం జి బదులు ఆర్ పెట్టి పంపితే ఉన్నదే మళ్లీ వస్తుంది.

ఇంకో మెట్టు పైకి వెళ్లి, ఆధార్ నంబరుకే తాళం వేయొచ్చు. అప్పుడు 12 అంకెలతో ఎవరూ ఏ ధ్రువీకరణా చేయలేరు, వర్చువల్ ఐడీతోనే పని జరుగుతుంది. ఇది గట్టి రక్షణే గానీ అందరికీ సిఫారసు చేయలేం. 12 అంకెల గడి మాత్రమే ఉన్న ఫారాలు ఇంకా ఉన్నాయి, అక్కడ నంబరు కొట్టాక ఓటీపీ రాదు, ఎందుకు రాలేదో కౌంటర్‌లో ఎవరూ చెప్పలేరు. పైగా తాళం తీయడానికి వర్చువల్ ఐడీ కావాలి. ఫోన్, మెసేజ్‌లు చులాగ్గా వాడేవాళ్లకు, మోసం జరిగిందని అనుమానం ఉన్నవాళ్లకు ఇది మంచిది. మిగతావాళ్లకు బయోమెట్రిక్ తాళం చాలు.

ఎవరికి ఏ కాపీ

ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ కావాలా అని అడిగే గడిలో టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు దాగి, చివరి నాలుగే కనిపించే పీడీఎఫ్ వస్తుంది. హోటల్ గది, అద్దె ఇల్లు, కొరియర్ లాంటి గుర్తింపు చూపించే పనులకు ఇదే ఇవ్వండి. సబ్సిడీ, నగదు బదిలీ దరఖాస్తులకు, పాన్‌తో అనుసంధానానికి మాత్రం పూర్తి నంబరు కావాల్సిందే.

ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా తెరవగలరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో ఊరి గ్రూపులోనో ఆ ఫైలు పెట్టడమంటే తాళం లేకుండా పెట్టడమే.

సంస్థ ఆధార్ సమాచారాన్ని కంప్యూటర్‌లోనే సరిచూసుకోవాలంటే ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు ఇంకా మెరుగు. మైఆధార్‌లో నాలుగు అక్షరాల షేర్ కోడ్ పెట్టి జిప్ ఫైలు దించుకుంటారు. అందులో పేరు, పుట్టిన తేదీ, లింగం, చిరునామా, ఫొటో ఉంటాయి, ఆధార్ నంబరు ఉండదు. ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. ఫైలు ఒక దారిలో, కోడ్ మరో దారిలో పంపండి. చిన్న ఆఫీసుల్లో దీన్ని చూపిస్తే తెల్లమొహం వేస్తారు, అప్పుడు మాస్క్‌డ్ కాపీకి దిగండి.

జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే దాని మీద పెన్నుతో అడ్డంగా "ఫలానా పని కోసం, ఫలానా ఆఫీసుకు" అని, తేదీ వేసి సంతకం చేయండి. ఆ రాత ఫొటో అంచు మీదుగా పోవాలి, పేరు కప్పకూడదు. దీంతో దుర్వినియోగం పూర్తిగా ఆగదు, కానీ అదే కాగితాన్ని మరో పనికి వాడటం కష్టమవుతుంది.

ఆధార్ ఇవ్వకపోయినా పని జరగాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు, బడిలో చేర్పించడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదు. ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చూపించొచ్చు. పన్ను రిటర్నుకు, పాన్ అనుసంధానానికి మాత్రం తప్పనిసరిని అదే తీర్పు సమర్థించింది. ఇక ప్రభుత్వ పథకాల విషయంలో, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 7వ సెక్షన్ సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే కొన్ని సందర్భాల్లో విడిగా సమ్మతి తీసుకోకుండానే సమాచారం వాడుకునే వీలు ప్రభుత్వానికి కల్పించింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఫారం నింపేటప్పుడు చూపే జాగ్రత్తే. నక్షత్రం (*) గుర్తు లేని గడులు తప్పనిసరి కావు, వాటిని ఖాళీగా వదిలేయండి. ఇంకో ఫోన్ నంబరు, ఈమెయిల్, వృత్తి, ఆదాయం... అడక్కపోయినా నింపేసే అలవాటు మానుకోవాలి.

డిజిలాకర్‌లో సమ్మతి తెర

డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు జారీచేసిన పత్రాలకు 2016 నిబంధనల ప్రకారం అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది. మీరే స్కాన్ చేసి ఎక్కించినవాటికి ఆ విలువ లేదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ అందులోకి ఎక్కించడం వల్ల ఒరిగేది తక్కువ, ఖాతా ఎవరి చేతికైనా చిక్కితే పోయేది ఎక్కువ.

వేరే పోర్టల్‌లో "డిజిలాకర్ నుంచి తీసుకో" అని నొక్కగానే ఒక సమ్మతి తెర వస్తుంది. తొందరలో కింద ఉన్న అంగీకారం బటన్ నొక్కేస్తారు. అక్కడ ఒక నిమిషం ఆగండి. ఏ సంస్థ అడుగుతోంది, ఏయే పత్రాలు అడుగుతోంది, సమ్మతి ఏ తేదీదాకా చెల్లుతుంది, ఉద్దేశం ఏమిటి అన్నవి అందులోనే రాసి ఉంటాయి. పదో తరగతి మార్కుల జాబితా చాలిన చోట ఆధార్, పాన్ పక్కన కూడా టిక్ ఉంటే తీసేయండి. గడువు తేదీని దగ్గరకు మార్చుకునే వీలుంటే, దరఖాస్తు పూర్తయ్యే రోజుకు మార్చండి. ఎవరికి ఏం పంచుకున్నారో యాప్‌లోని యాక్టివిటీ జాబితాలో కనిపిస్తుంది. లాగిన్‌కు వాడే ఆరంకెల పిన్ పుట్టిన తేదీ కాకుండా చూసుకోండి, ఆ తేదీ మీరు ఇచ్చే ప్రతి పత్రం మీదా ఉంటుంది.

ట్రాఫిక్ తనిఖీలో లైసెన్సు, ఆర్‌సీ డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది. తెర చూపించండి చాలు, తాళం తీసిన ఫోన్‌ను చేతికి ఇవ్వాల్సిన పని లేదు.

నెట్ సెంటర్‌లో, మీసేవలో

ఫారాలు నింపడం అందరికీ రాదు, ఈ కేంద్రాలు లేకపోతే సగం పనులు కదలవు. అక్కడికి వెళ్లకపోవడం కాదు, వెళ్లినప్పుడు ఏం చేయాలన్నదే అసలు విషయం.

"వాట్సాప్‌లో పంపండి" అంటారు. పంపిన ఫైలును మీరు తర్వాత మీ ఫోన్ నుంచి తొలగించినా, ఆ కంప్యూటర్‌లో దింపుకున్న కాపీ అలాగే ఉంటుంది. వీలైతే కాగితం తీసుకెళ్లి మీ ఎదుటే స్కాన్ చేయించండి. పంపక తప్పకపోతే ఆ పనికి కావాల్సిన ఒకటి రెండు ఫైళ్లే పంపండి. పని అయ్యాక నిర్వాహకుణ్ని మర్యాదగా అడగండి: కంట్రోల్, జె కలిపి నొక్కితే డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది. మీ ఫైళ్లున్న ఫోల్డర్ తెరిచి, వాటిని ఎంచి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే రీసైకిల్ బిన్‌లో పడకుండా పోతాయి. మీరే కంప్యూటర్ వాడుతుంటే క్రోమ్ బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ప్రైవేటు విండోలో లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ దాచుకోనా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. చివర్లో విండో మూసేస్తే చాలదు, దించుకున్న ఫైళ్లు ప్రైవేటు విండోలోనూ మిగిలే ఉంటాయి.

దరఖాస్తులో మొబైల్, ఈమెయిల్ గడుల్లో మీవే పడ్డాయో లేదో సబ్మిట్ చేసేముందు తెర మీద చూడండి. పని త్వరగా అవ్వాలని కొందరు నిర్వాహకులు తమవే పెట్టేస్తారు. ఆ తర్వాత సమాచారం మీకు రాదు, పాస్‌వర్డ్ మార్చుకోవడమూ మీ చేతిలో ఉండదు. ఓటీపీ గట్టిగా చదివి చెప్పకుండా మీరే టైప్ చేయండి. వేలిముద్ర పెట్టేముందు తెర మీద ఏ పనికో చూడండి. "పడలేదు, మళ్లీ పెట్టండి" అని రెండు మూడుసార్లు పెట్టించడం మామూలే, వేళ్లు అరిగినవాళ్లకు నిజంగానే పడదు. అయినా ఇంటికొచ్చాక ఆ రోజు ఎన్ని ధ్రువీకరణలు జరిగాయో చూసుకోవాలి, ఎక్కడ చూడాలో కింద ఉంది.

నకిలీ సైట్లు, యాప్‌లు

వెబ్‌సైట్ చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవండి. సైట్ పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి భాగం "డాట్ గవ్ డాట్ ఇన్" (.gov.in) లేదా "డాట్ నిక్ డాట్ ఇన్" (.nic.in) అయితే ప్రభుత్వానిది. మధ్యలో ఎక్కడో గవ్ అని ఉండి, చివర కామ్, ఆర్గ్, ఆన్‌లైన్ అని ఉంటే కాదు. పాస్‌పోర్టు పేరుతో ఇలాంటి నకిలీ సైట్లు నడుస్తున్నాయని విదేశాంగ శాఖే హెచ్చరించింది. గూగుల్‌లో వెతికినప్పుడు పైన ప్రకటనగా వచ్చే లింకు నొక్కకుండా, అసలు చిరునామాను ఒకసారి బుక్‌మార్క్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఎట్టి పరిస్థితుల్లోనూ ఇన్‌స్టాల్ చేయొద్దు. అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారా, మీ ఓటీపీలన్నీ అటు వెళతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన మన మిత్ర అనే ప్రభుత్వ వాట్సాప్ సేవ నంబరు 95523 00009. ఫోన్‌లో ఈ పేరుతో దాచుకుని, అటు నుంచి మీరే మొదలుపెట్టండి. ఇంకే నంబరు నుంచి "మన మిత్ర" అని మెసేజ్ వచ్చినా జవాబివ్వకండి.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఒక్క మాట. ప్రొఫైల్‌లో ప్రధాన మొబైల్, ఈమెయిల్ మీవే ఉండాలి, రిటర్ను వేసేవారివి కాదు. లాగిన్‌కు అదనపు తాళంగా ఉండే ఈ-ఫైలింగ్ వాల్ట్‌లో ఆధార్ ఓటీపీ లేదా నెట్ బ్యాంకింగ్‌తోనే లాగిన్ అయ్యేలా పెట్టుకుంటే పాస్‌వర్డ్ బయటపడినా ఎవరూ లోపలికి రాలేరు.

నెలకోసారి చూసుకోవాల్సిన పేజీ

మైఆధార్‌లో ధ్రువీకరణ చరిత్ర అనే పేజీ ఉంది. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌తో జరిగిన ధ్రువీకరణలను, ఒక్కసారికి 50 దాకా చూపిస్తుంది. తేదీ, సమయం, అడిగిన సంస్థ, ఓటీపీతోనా వేలిముద్రతోనా, ఫలించిందా లేదా అన్నవి వరుసగా ఉంటాయి. సంస్థ పేరు కొత్తగా కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు. మీ బ్యాంకు పని ఇంకో సంస్థ ద్వారా జరిగి ఉండొచ్చు. తేదీ, సమయం పట్టుకుని ఆ రోజు ఏం చేశారో గుర్తుచేసుకోండి. వేలిముద్రతో జరిగినట్టు ఉండి, ఆ సమయంలో మీరు ఎక్కడా వేలు పెట్టలేదంటే అది మోసమే.

అప్పుడు ముందు ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసి, లావాదేవీ సంఖ్య రాసుకుని, బయోమెట్రిక్ తాళం వేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకు అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదని రిజర్వు బ్యాంకు 2017 నాటి ఆదేశాల్లో ఉంది. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత భారం పడుతుంది. ఆధార్ వైపు ఫిర్యాదుకు 1947. మాట్లాడేటప్పుడు స్క్రీన్‌షాట్‌లోని లావాదేవీ సంఖ్య దగ్గర పెట్టుకోండి, దాన్ని పట్టుకునే ఆ వేలిముద్ర ఏ సంస్థ ద్వారా వచ్చిందో వెతుకుతారు.